ఇంటికి ఊపిరాడుతోందా?

"వెంటిలేటర్ ఆపేశామమ్మా, అందుకే ఈ గొడవంతా..." అని మా చెల్లెలు కెనడా నుంచి ఫోన్లో అనగానే, ఇక్కడ కాకినాడలో మా అమ్మకి కాళ్ళూ చేతులూ ఆడలేదట. నెల తిరగని పసిగుడ్డున్న ఇల్లు! ఆ ఇంట్లో వెంటిలేటరేమిటి, దాన్ని ఆపెయ్యడమేమిటి? అసలే కరోనా రోజుల్లో ఆ మాట విని విని హడలిపోయి ఉన్న మనిషి. "బాబుకేమయిందే?" అని ఒక్క కేక పెట్టి కుర్చీలో కూలబడిపోయిందట. పక్కనే ఉన్న మావారు ఫోనందుకుని సంగతేమిటో కనుక్కుని, ఆవిడకి ఇంత మజ్జిగ పట్టించేసరికి ఆయనకి చెమటలు పట్టాయి.

ఆగింది ఆస్పత్రి వెంటిలేటర్ కాదు, ఇంటి వెంటిలేటర్. ఆపింది కూడా ఎవరో కాదు, నేనే!

గోడ మీద చిన్న మీట

మా చెల్లెలి పురుటికి నిజానికి అమ్మ వెళ్ళాలి. మోకాళ్ళ నొప్పులతో అంతసేపు విమానంలో కూర్చోలేనంది. దాంతో పిల్లల్నీ, మావారినీ అమ్మకి అప్పజెప్పి నేను బయల్దేరాను. వాళ్ళుండేది సస్కటూన్ అనే ఊళ్ళో. కెనడా నడిమధ్యన, ఎటు చూసినా గోధుమ పొలాలుండే సస్కాచువాన్ రాష్ట్రం. పొలాలన్నది ఎండాకాలం మాట. నేను వెళ్ళింది 2023 డిసెంబరులో. జనవరికి వచ్చేసరికి చలి మైనస్ 30 దాటింది. కాకినాడలో డిసెంబరు తెల్లవారుజామున స్వెట్టరేసుకునే దాన్ని నేను. అక్కడ తలుపు తీసి చెత్త బుట్ట బయట పెట్టి వచ్చేలోగా ముక్కులో తడి గడ్డకట్టినట్టు చురుక్కుమనేది.

ఇల్లు మాత్రం వెచ్చగా, హాయిగా ఉండేది. కొత్తగా కట్టిన ఇల్లు. కిటికీలకి మూడేసి పొరల అద్దాలు. గోడల నిండా దూది దిండులాంటి సరుకు కుక్కారు. తలుపు వేస్తే రబ్బరు అంచు అతుక్కుని, ఫ్రిజ్ తలుపు మూసినట్టు 'డుబ్' మని చప్పుడొచ్చేది. బయట గాలి ఎంత హోరెత్తినా లోపల కర్టెన్ అంచు కూడా కదిలేది కాదు.

పడగ్గదిలో పైన గోడకి చిన్న జాలీ ఉంది. అందులోంచి సన్నగా గాలి వస్తూ ఉంటుంది. మరీ చల్లగా ఏం కాదుగానీ, గదిలో ఉన్నంత వెచ్చగానూ ఉండదు. పురిటి బిడ్డ ఉయ్యాల సరిగ్గా ఆ జాలీ కింద! బాలింతకీ, బిడ్డకీ గాలి తగలకూడదని తరతరాలుగా విన్నవాళ్ళం కదా. చెవుల్లో దూది పెట్టి, తలకి గుడ్డ చుట్టే సంప్రదాయం మనది. నా కళ్ళు ఆ జాలీ మీదే ఉండేవి. హాల్లో గోడకి ఒక చిన్న డబ్బా, దాని మీద మూడు మీటలు కనిపించాయి. ఒకటి నొక్కితే జాలీలో గాలి ఆగింది. ఎక్కడో నేలమాళిగలోంచి రాత్రీ పగలూ వినబడే 'గుయ్' మనే చప్పుడు కూడా ఆగింది. "హమ్మయ్య, కరెంటు కూడా కలిసొచ్చింది" అనుకున్నాను. ఎవరికీ చెప్పలేదు. చెప్పేంత విషయమని కూడా అనిపించలేదు.

మూడు వారాలు గడిచాయి.

కిటికీలు ఏడ్చాయి

మొదట కిటికీలు చెమర్చాయి. పొద్దున్నే లేచి చూస్తే అద్దాల కింది అంచున నీళ్ళు. రోజూ పాత తువ్వాలుతో తుడిచేదాన్ని. చలి ముదిరేకొద్దీ ఆ నీళ్ళు అంచున మంచు ముద్దయి, చాకుతో గీకితే గానీ వచ్చేవి కావు. అందంగా ఉందని ఫొటో కూడా తీశాను!

ఆ తరువాత వాసన. ఆదివారం పెట్టిన పులుసు తిరగమోత బుధవారం దాకా ఇంట్లో తిరిగేది. మా మరిది ఆఫీసుకి వేసుకెళ్ళే కోటుకి ఇంగువ వాసనొస్తోందని పాపం నవ్వుతూనే అన్నాడు. తలుపులన్నీ మూసుకుని ఉంటున్నాం కదా, మామూలేననుకున్నాను. పొద్దున లేస్తే అందరికీ తల దిమ్ముగా ఉండేది. నిద్ర చాలకేమో అనుకున్నాం. పసివాడున్న ఇంట్లో ఎవరికి నిద్ర చాలుతుంది గనక!

పిల్లవాడికి ముక్కు దిబ్బడ పట్టింది. పాలు తాగుతూ మధ్యలో వదిలేసి గుక్కపెట్టి ఏడ్చేవాడు. చెల్లెలు వాడితో పాటు ఏడ్చేది.

అక్కడ కాన్పు అయినవాళ్ళ ఇంటికి నర్సు వచ్చి బిడ్డను తూచి, తల్లిని పలకరించి వెళుతుంది. ఆవిడ రెండోసారి వచ్చినప్పుడు ఉయ్యాల దగ్గర కూర్చుంది. బాబుని చూసింది. తరువాత కిటికీ వంక చూసి, చట్రం మూల వేలితో రాసింది. వేలికి నల్లగా అంటింది. ఉయ్యాల వెనక గోడ మూలన, కర్టెన్ చాటున, మిరియాలు చల్లినట్టు నల్లటి చుక్కలు. మేమెవరం చూడనేలేదు.

"మీ ఎయిర్ ఎక్స్‌చేంజర్ నడుస్తోందా?" అనడిగింది.

మా చెల్లెలు నా వంక చూసింది. నేను గోడ వంక చూశాను.

బాబు జలుబు బూజు వల్లనే వచ్చిందని డాక్టరు చెప్పలేదు. పసిపిల్లలకి ముక్కు దిబ్బడ మామూలేనన్నాడు. కానీ ఇల్లు ఇంత తడిగా ఉంచవద్దనీ, ఉయ్యాల ఆ గదిలోంచి మార్చమనీ మాత్రం గట్టిగానే చెప్పాడు. ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు. బిడ్డకి గాలి తగలకూడదని నేను చేసిన పని, బిడ్డకి గాలి అందకుండా చేసిందా?

నేలమాళిగలో పెట్టె

మర్నాడు మా మరిది నన్ను నేలమాళిగలోకి తీసుకెళ్ళాడు. "రండి వదినా, మీరు ఆపేసిన పెద్దమనిషిని చూపిస్తా" అని. కోపం లేదు పాపం. నిజం చెప్పాలంటే తనూ ఆ పెట్టెని ఇల్లు కొన్న రోజు చూశాడు, మళ్ళీ అప్పుడే చూడడం!

పై కప్పుకి వేలాడుతూ ట్రంకుపెట్టె అంత డబ్బా. దానికి నాలుగు లావుపాటి గొట్టాలు. పేరు హీట్ రికవరీ వెంటిలేటర్. పొడి అక్షరాల్లో హెచ్.ఆర్.వి. అంటారు. అక్కడి వాడుకలో ఎయిర్ ఎక్స్‌చేంజర్. ఒక గొట్టం స్నానాల గదుల్లోంచి, బట్టలుతికే గదిలోంచి తేమగాలిని, పాతగాలిని లాక్కుంటుంది. రెండోది దాన్ని బయటికి వదిలేస్తుంది. మూడోది బయటి నుంచి కొత్త గాలిని తెస్తుంది. నాలుగోది ఆ కొత్త గాలిని పడగ్గదులకీ, హాలుకీ పంపుతుంది. ఎంత గాలి బయటికి పోతే అంతే లోపలికి రావాలి. అది పంతం.

ఇక్కడిదాకా అయితే రెండు ఫ్యాన్లు చాలు. అసలు తెలివంతా నడుమ ఉంది.

వేడి పాలగిన్నెని చన్నీళ్ళ పళ్ళెంలో పెట్టి చల్లారుస్తాం కదా. పాలలో ఒక్క చుక్క నీరు కలవదు. కానీ పాల వేడి నీళ్ళకి అందుతుంది. కాసేపటికి పాలు చల్లారతాయి, నీళ్ళు వెచ్చబడతాయి. ఈ పెట్టెలో జరిగేది అచ్చం అదే. డబ్బా నడుమ పల్చటి ప్లాస్టిక్ రేకులో, అల్యూమినియం రేకులో ఒకదాని మీద ఒకటి సందు వదులుతూ పేర్చి ఉంటాయి. ఒక సందులోంచి ఇంట్లోని వెచ్చటి పాతగాలి బయటికి పోతుంటే, దాని పక్క సందులోంచి చల్లటి కొత్తగాలి లోపలికి వస్తుంటుంది. రెండూ కలవవు. రేకు మీదుగా వేడి మాత్రం పాతగాలిని వదిలి కొత్తగాలిలోకి దూకుతుంది. పోయేవాడు తన దుప్పటి వచ్చేవాడికి కప్పి పోతాడన్నమాట.

మా మరిది కాగితం మీద లెక్క వేసి చూపించాడు. ఇంట్లో 21 డిగ్రీలు, బయట మైనస్ 25 అనుకుందాం. తేడా 46 డిగ్రీలు. యంత్రం అందులో 80 శాతం వేడిని రాబట్టిందంటే, మైనస్ 25 లో బయల్దేరిన గాలి దాదాపు 12 డిగ్రీలకి చేరి మన గదిలో అడుగు పెడుతుంది. కిటికీ తెరిచి ఉంటే అదే గాలి మైనస్ 25 గానే వచ్చి మీద పడేది. మిగిలిన 9 డిగ్రీలు వేడి చెయ్యడానికే పొయ్యి మండాలి. ఆ రెండు ఫ్యాన్లు తినే కరెంటు మన సీలింగ్ ఫ్యాను తినేంత, కాస్త అటూ ఇటూ. నేను 'కలిసొచ్చింది' అనుకున్నది ఆపాటిదే!

చలి మరీ ముదిరినప్పుడు ఇంకో చిక్కుంది. పాతగాలిలో తేమ ఉంటుంది కదా, అది చల్లబడగానే రేకుల మీద నీరు కడుతుంది. ఆ నీరు పోవడానికి కింద సన్నటి ట్యూబు ఉంటుంది. బయట గాలి గడ్డకట్టే చలిలో ఉంటే ఆ నీరే మంచై సందులు పూడుకుపోతాయి. అందుకని యంత్రం ఉండుండి బయటి గాలికి తలుపేసేసుకుని, కొన్ని నిముషాలపాటు ఇంట్లోని వెచ్చటి గాలినే రేకుల మీద తిప్పి మంచు కరిగించుకుంటుంది. మళ్ళీ తలుపు తీస్తుంది.

మూత తీసి ఫిల్టర్లు బయటికి లాగాం. మూడు నెలలకోసారి కడగాలట. ఇల్లు కొన్నప్పటి నుంచీ కడగలేదు. ఎన్నాళ్ళో మూల పడేసిన గోనెపట్టాలా బూడిద రంగు తేలి ఉన్నాయి. ఇంటి వెనక్కి వెళ్ళి చూస్తే గాలి లోపలికొచ్చే జాలీ మంచుతో సగానికి పైగా పూడుకుపోయి ఉంది. అంటే నేను ఆపకపోయినా ఆ పెట్టె సగం ఊపిరితోనే ఉంది! ఆ మాట మా మరిది నా మనసు కుదుటపడాలని అన్నాడో, నిజంగానే అన్నాడో గానీ, నాకు మాత్రం కొంచెం ప్రాణం లేచి వచ్చింది.

ఆ రేకుల కట్టని సింకులో గోరువెచ్చటి నీళ్ళ కింద పెట్టి నేనే కడిగాను. ఇడ్లీ రేకులు కడిగే చెయ్యి కదా, అలవాటైన పనే.

అసలు ఇంటిని అంతలా బిగించడం దేనికి?

నాకు మొదట వచ్చిన అనుమానం ఇదే. ముందు గాలి చొరబడకుండా బిగించడమెందుకు, ఆ తరువాత గాలి కోసం యంత్రం పెట్టడమెందుకు? మన నూకాలమ్మ జాతరలో రాట్నం ఎక్కి దిగినట్టు లేదూ?

దీనికో కథ ఉంది. వెనకటి ఇళ్ళలో తలుపు సందుల్లోంచి, కిటికీ చట్రాల్లోంచి, అటకమీంచి గాలి దానంతటదే వచ్చేది, పోయేది. దానితోపాటే వేడీ పోయేది. నూనె చవగ్గా ఉన్నన్నాళ్ళు ఎవరికీ పట్టలేదు. 1973లో అరబ్బు దేశాలు చమురు బిగబట్టాయి. కొన్ని నెలల్లో ధర నాలుగింతలయింది. ఆరు నెలలు చలికాలం ఉండే దేశాలకి అది ఇంటింటి బాధ. ఇళ్ళ సందులన్నీ పూడ్చడం మొదలెట్టారు. పూడ్చారు సరే, లోపల తేమ, పొగ, వాసనలు, కొత్త చెక్క సామాను జిగురులోంచి వచ్చే ఆవిర్లు, అన్నీ అక్కడే చిక్కుకున్నాయి. గోడల్లోకి నురుగులా ఊది నింపే ఒక రకం సరుకు ఫార్మాల్డిహైడ్ వదులుతోందని కెనడా 1980లో దాన్ని నిషేధించింది కూడా.

ఆ గొడవకి జవాబు వెతికినవాళ్ళు ఎక్కడివాళ్ళో తెలుసా? మా చెల్లెలుండే రాష్ట్రం వాళ్ళే! సస్కటూన్‌కి మూడు గంటల దూరంలో రెజైనా ఉంది. ఆ రాష్ట్రానికి రాజధాని. అక్కడ 1977లో 'సస్కాచువాన్ కన్జర్వేషన్ హౌస్' అని ఒక ఇల్లు కట్టారు. గోడలు దాదాపు అడుగు మందం. లోపలంతా ప్లాస్టిక్ పొర పరిచి అతుకులన్నీ మూసేశారు. చలికి పేరుమోసిన ఆ ఊళ్ళో మామూలు కొలిమి పెట్టకుండా ఇల్లు కట్టారంటే చూడండి. హెరాల్డ్ ఆర్ అనే ఇంజినీరు ఆ బృందంలో ముఖ్యుడు. అంత బిగించిన ఇంట్లో మనిషి బతకాలి కాబట్టి, సస్కాచువాన్ విశ్వవిద్యాలయంలో రాబర్ట్ బెసంట్, ఆయన తోటివారు కలిసి ఈ గాలి మార్పిడి పెట్టెని తయారుచేశారు. ఆ రోజుల్లో అదేం మెరిసే యంత్రం కాదు. ప్లైవుడ్ డబ్బా, లోపల ప్లాస్టిక్ కాగితం పొరలు!

నాకు నచ్చిన సంగతి ఇంకోటుంది. ఆ ఇంటికి అప్పట్లో సూర్యరశ్మిని పట్టే పెద్ద పరికరం కూడా పెట్టారు. చూడవచ్చినవాళ్ళ కళ్ళన్నీ దాని మీదే. అది ఊరికే పాడవుతుంటే తరువాత తీసేశారు. నిలబడింది మందపాటి గోడలూ, పూడ్చిన సందులూ, ఈ గాలి పెట్టే. మన ఇళ్ళల్లోనూ షోకేసులో బొమ్మ కంటే అటక మీది ఇత్తడి గుండిగే కదా అక్కరకొచ్చేది.

ఆ తరువాత జర్మనీలో డార్మ్‌స్టాట్ ఊళ్ళో వోల్ఫ్‌గాంగ్ ఫైస్ట్ అనే శాస్త్రవేత్త ఇదే దారిని ఇంకా ముందుకి తీసుకెళ్ళాడు. అక్కడ వరసగా కట్టిన నాలుగు ఇళ్ళలోకి 1991లో కాపురాలొచ్చాయి. ఆయన కుటుంబం కూడా అందులోనే చేరింది. దాన్నే 'పాసివ్ హౌస్' అంటున్నారు. ఇల్లు ఎంత బిగువుగా ఉందో పరీక్ష కూడా ఉంది. వీధి తలుపు స్థానంలో పెద్ద ఫ్యాను బిగించి గాలిని తోడి, ఎక్కడెక్కడ కారుతుందో చూస్తారు. 50 పాస్కల్స్ ఒత్తిడి దగ్గర గంటలో ఇంట్లోని గాలి 0.6 వంతుకు మించి మారకపోతేనే పాసైనట్టు. అటువంటి ఇంట్లో గాలి మార్పిడి యంత్రం విలాసం కాదు, వీధి తలుపంత అవసరం.

పది లీటర్ల నీరు ఎక్కడిది?

ఇంట్లో నలుగురుంటే ఊపిరి, చెమట, వంట, స్నానాలు, బట్టలు ఆరెయ్యడం అన్నీ కలిపి రోజుకి సుమారు 10 లీటర్ల నీరు ఆవిరిగా గాలిలో కలుస్తుందని లెక్క. వినగానే నేను నమ్మలేదు. ఆ తరువాత మా వంట గుర్తొచ్చింది. పొద్దున కుక్కరు ఆరు కూతలు. సాంబారు మరుగుతూ అరగంట. బాలింతకి వేడినీళ్ళ స్నానం, బిడ్డకి స్నానం. బిడ్డ గుడ్డలు డ్రయర్లో వేస్తే గరుకుదేలుతాయని నేను నేలమాళిగలో తాడు కట్టి మరీ ఆరేశాను! రొట్టె ముక్క, చల్లటి పాలతో పొద్దు గడుపుకునే ఇంటికి సరిపోయే గాలి మన తెలుగు వంటింటికి సరిపోతుందా చెప్పండి?

ఆవిరి ఒక్కటే కాదు. మనం వదిలే ఊపిరిలోని బొగ్గుపులుసు వాయువు కూడా పేరుకుంటుంది. బయటి గాలిలో అది పది లక్షల పాళ్ళకి 420 దాకా ఉంటే, తలుపులు మూసిన పడగ్గదిలో తెల్లవారేసరికి రెండు వేలు దాటడం వింత కాదు. మ్యూనిక్ నగరంలో పెటెన్‌కోఫర్ అనే వైద్య శాస్త్రవేత్త 1858లోనే గదిలో గాలి బాగోగులకి ఇదొక కొలతగా పెట్టుకోవాలనీ, వెయ్యి దాటితే మంచిది కాదనీ చెప్పాడు. తల దిమ్ము, మత్తు, మనసు నిలవకపోవడం - నిద్ర చాలక అనుకున్నవన్నీ నిద్ర ఖాతాలోవి కావన్నమాట.

ఆ ప్రాంతంలో నేలలోంచి రేడాన్ అనే వాయువు కూడా వస్తుంది. రంగూ వాసనా లేదు. పొగతాగడం తరువాత ఊపిరితిత్తుల కాన్సర్‌కి అదే రెండో పెద్ద కారణమట. నేలమాళిగలో ఎక్కువ పోగవుతుంది. మోతాదు బాగా ఎక్కువుంటే నేల కిందికి వేరే గొట్టం వేసి లాగెయ్యాలి. ఈ గాలి పెట్టె కొంత మేరకు పలచన చేస్తుందంతే.

ఇంగ్లండులో జరిగిన సంగతి నేను తిరిగొచ్చాక చదివాను. రోచ్‌డేల్ పట్టణంలో 2020 డిసెంబరులో రెండేళ్ళ పిల్లవాడు చనిపోయాడు. సుడాన్ నుంచి వలస వచ్చిన కుటుంబం. అద్దె ఫ్లాటు నిండా బూజు. తల్లిదండ్రులు ఎన్నిసార్లు మొరపెట్టుకున్నా రంగు వేసుకోమన్నారట. మీ వంటలు, మీ స్నానాల అలవాట్ల వల్లే తేమ అన్నట్టు మాట్లాడారట. 2022 నవంబరులో విచారణ చేసిన అధికారి ఆ పసివాడి ప్రాణం పోయింది ఫ్లాటులోని బూజు వల్లేనని తేల్చింది. అందరూ చేసుకునే రోజువారీ పనులకి సరిపడా గాలి ఆడే ఏర్పాటు ఆ ఫ్లాటులో లేదని చెప్పింది. 2023లో ఆ పిల్లవాడి పేరుతోనే చట్టం వచ్చింది. అద్దె ఇళ్ళలో తేమ, బూజు గురించి ఫిర్యాదు వస్తే గడువులోగా బాగు చెయ్యాలని. చదువుతుంటే ఉయ్యాల వెనక నల్లచుక్కలే కళ్ళ ముందు ఆడాయి. వంట చేసుకోవడం, స్నానం చెయ్యడం, పిల్లల్ని పెంచడం తప్పెలా అవుతుంది? ఇల్లు కట్టినవాడు, అద్దెకిచ్చినవాడు ఆలోచించాల్సింది అదే కదా.

పురుటికి వెళ్ళే అమ్మలూ, అత్తగార్లూ!

మన ఊళ్ళ నుంచి ఏటా ఎంతమంది చలిదేశాలకి కాన్పులు చెయ్యడానికి వెళుతున్నారో! ఆవకాయ, శొంఠి, కాయం పొడి సర్దుకుంటాం. ఇల్లు ఎలా ఊపిరి పీలుస్తుందో ఎవరం అడగం. అందుకే నా తప్పు నేనే చెప్పుకుంటున్నాను.

జాలీలోంచి గాలి వస్తుంటే గుడ్డ కుక్కకండి, యంత్రం ఆపకండి. ఉయ్యాల జరపండి, సరిపోతుంది. స్నానాల గదిలో ఒక మీట ఉంటుంది, నొక్కితే 20 నిముషాలో, అరగంటో యంత్రం జోరుగా తిరిగి మళ్ళీ మామూలవుతుంది. తలంటి పోసినప్పుడల్లా దాన్ని నొక్కడం మరవకండి. పొయ్యి మీది పొగగొట్టం వేరు, ఇది వేరు. తిరగమోత జిడ్డు ఈ రేకులకి పట్టకూడదు కనక వంటకి ఆ పొగగొట్టాన్నే వాడాలి. అది గాలిని బయటికి పంపే రకమో, జల్లెడలోంచి తిప్పి మళ్ళీ మన మొహానే వదిలే రకమో ముందు కనుక్కోండి. గిన్నెల మీద మూతలు పెట్టండి. ఫిల్టర్లు కడిగి ఎన్నాళ్ళయిందో అల్లుణ్ణి అడగండి. అల్లుడు తెల్లమొహం వేస్తే నేలమాళిగలోకి మీరే దిగండి! బయట జాలీ మంచుతో పూడిందేమో, దాని దగ్గరే కారు ఇంజను ఆన్ చేసి నిలబెడుతున్నారేమో కూడా చూడాలి. కారు పొగ పీల్చి ఇంట్లోకి పంపితే మొదటికే మోసం.

అలాగని జోరు పెంచేసి వదిలేసినా కుదరదు. చలికాలం బయటి గాలిలో తేమ దాదాపు ఉండదు. అది ఎక్కువగా లోపలికొస్తే పెదవులు పగులుతాయి, ముక్కులోంచి రక్తం చారలొస్తాయి. మేం యంత్రం తిప్పిన మొదటి వారం ఉత్సాహం కొద్దీ అదీ చేశాం! ఆఖరికి గోడకి తేమ కొలిచే చిన్న గడియారం లాంటిది తగిలించాం. 30 శాతం దరిదాపుల్లో ఉంటే మేలు. చలి మైనస్ 30 కి దిగితే ఇంకా తగ్గించాలి, లేకపోతే కిటికీలు మళ్ళీ ఏడుస్తాయి. పొడితనం బాధ ఎక్కువున్నవాళ్ళకి ఇంకో రకం పెట్టె ఉంది. వేడితో పాటు కొంత తేమని కూడా వెనక్కి ఇచ్చే పొరలుంటాయి అందులో. దాన్ని ఇ.ఆర్.వి. అంటారు.

నల్లచుక్కలు సబ్బునీళ్ళతో కడిగి ఆరబెట్టాం. పది రోజుల్లో కిటికీలు పొడిబారాయి. పొద్దున్నే తల దిమ్ము తగ్గింది. బాబు ముక్కు దిబ్బడ కూడా తగ్గింది. జలుబు దాని గడువు తీరి తగ్గిందేమో, నేనేమీ పందెం కాయను. మరిది కోటు మాత్రం ఇంగువ వాసన వదిలింది.

మరి మనకో?

తిరిగొచ్చాక మా ఇల్లు నాకు కొత్తగా కనిపించింది. చిన్నప్పుడు మేమున్నది కోనసీమలో తాతగారి మండువా ఇల్లు. నడిమధ్య ఆకాశం. వేడిగాలి పైకి పోయేది, వీధి అరుగు మీంచి చల్లగాలి వచ్చేది. ఆ తరువాతి డాబా ఇళ్ళలో ప్రతి తలుపు మీదా, కిటికీ మీదా వెంటిలేటర్లుండేవి. పిచ్చుకలు గూళ్ళు కట్టేవి. ఇప్పుడా? ఏసీ పెట్టించిన రోజునే ఆ కంతలకి అట్టముక్కలు, థర్మాకోల్, పాత క్యాలెండర్లు అడ్డం పెట్టి టేపు అంటించాం. నేనే స్టూలెక్కి అంటించాను!

చాలామందికి తెలియని సంగతి - మన గదుల్లో గోడకి పెట్టే స్ప్లిట్ ఏసీ బయటి గాలిని ఒక్క పిసరు కూడా తేదు. గదిలో గాలినే తిప్పి తిప్పి చల్లబరుస్తుంది. బయట పెట్టిన పెట్టె వేడిని మాత్రమే వదులుతుంది. మా మరిది గాలిని కొలిచే చిన్న మీటరొకటి ఇచ్చి పంపాడు. ఎండాకాలం ఒక రాత్రి మేం నలుగురం ఏసీ గదిలో పడుకున్నాం. తెల్లారి చూస్తే 2,400 చూపించింది. పిల్లలు బడికి లేవమంటే మొరాయించడం వాళ్ళ బద్ధకమే అనుకుని ఎన్నిసార్లు కేకలేశానో.

అయితే మనం కూడా ఈ పెట్టె పెట్టించుకోవాలా? కాకినాడలాంటి ఊళ్ళో తొందరపడక్కరలేదనే నాకనిపిస్తోంది. లెక్క చూడండి. సస్కటూన్‌లో లోపలికీ బయటికీ 50 డిగ్రీల తేడా. మనకి బయట 38, గదిలో 26 అనుకున్నా తేడా పన్నెండే. మిగిల్చేది ఆ మేరకే. పైగా మన బాధ వేడి కంటే ఉక్క. సముద్రపు గాలిలోని తేమ లోపలికొచ్చి పడితే ఏసీకి ఇంకా పని. కనక మన తీరంలో ఎవరైనా పెట్టించుకున్నా తేమని కూడా ఆపే ఇ.ఆర్.వి. రకమే కావాలి. ఢిల్లీలాంటి చోట్ల, బయట దుమ్మూ పొగా కమ్మేసి కిటికీ తెరవలేని రోజుల్లో, మంచి ఫిల్టరుతో ఇటువంటి యంత్రం అక్కరకొస్తుంది. మనకి ఇంకా కిటికీ తెరిచే అదృష్టం ఉంది.

2018లో మన ప్రభుత్వం ఇళ్ళకోసం తెచ్చిన 'ఎకో నివాస్ సంహిత' కూడా ఆ మాటే చెబుతోంది. కరెంటు ఆదా కోసం రాసిన నియమావళి అయినా, మనలాంటి ఉక్క ప్రాంతాల్లో బయటికి తెరుచుకునే కిటికీలు, వెంటిలేటర్లు, తలుపులు కలిపి నేల వైశాల్యంలో ఆరోవంతుకి తగ్గకూడదంటుంది. అపార్టుమెంటు ఫ్లాటు కొనడానికి వెళ్ళినప్పుడు మార్బుల్ ఏదని అడుగుతాం, మాడ్యులర్ వంటగది చూస్తాం. ఈసారి టేపు పట్టుకెళ్ళి ఈ లెక్క కొలవండి. బిల్డరు మొహం ఎలా మారుతుందో చూద్దురుగాని!

మా ఇంట్లో నేను చేసింది చిన్నపనే. మళ్ళీ స్టూలెక్కి, ఒక వెంటిలేటరుకి అంటించిన థర్మాకోల్ పీకేసి దోమల జాలీ కొట్టించాను. పడుకునే ముందు పావుగంట కిటికీలన్నీ తెరిచి ఫ్యాను తిప్పి, ఆ తరువాతే ఏసీ వేస్తాం. తెల్లవారుజామున నాలుగింటికి ఏసీ ఆగేలా పెట్టి, కిటికీ ఓరగా తీస్తాను. మీటరు ఇప్పుడు పన్నెండు వందలకి అటూ ఇటూ ఆడుతోంది. కరెంటు బిల్లు కాస్త పెరిగిందని మావారు గొణిగారు. థర్మాకోల్ ముక్క ఇంకా అటక మీదే ఉంది, కావాలంటే మీరే ఎక్కి పెట్టుకోండన్నాను. ఎక్కలేదు.

బాబు ఇప్పుడు ఆ ఇల్లంతా పరుగులు పెడుతున్నాడు. హాల్లో గోడ మీద ఆ మూడు మీటల డబ్బా అంటే వాడికి మహా ఇష్టమట. ఎత్తుకుంటే చాలు దానికేసి చెయ్యి చాపుతాడట. అమ్మ మాత్రం ప్రతి ఆదివారం ఫోనులో వరసగా అడిగే ప్రశ్నల్లో ఒకటి కొత్తగా చేరింది.

"వాడు అన్నం తిన్నాడా? టోపీ పెట్టావా? వెంటిలేటర్ తిరుగుతోందా?"